తరుగు

2017 ఆగస్టు 17, గురువారం. శ్రావణమాసం. మన గడియారంలో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. పాములపాడులో ఇంకా పొద్దు కుంకలేదు. నైరుతి దిక్కున, ఆ వెలుతురు చాటున, హస్త నక్షత్రానికి తూర్పుగా, చిత్తకు దక్షిణంగా ఒక మసక గెలాక్సీ ఉంది. పేరు ఎన్‌జీసీ 4993. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అక్కడ రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకుని ఒకటైపోతే, ఆ కుదుపు ప్రయాణం చేసి చేసి ఆ సాయంత్రానికి భూమిని చేరింది. మా ఊరి మీదుగా, గడపలకు పసుపు రాస్తున్న ఆడవాళ్ల మీదుగా, కేసీ కెనాల్ మీదుగా దాటిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ గెలాక్సీ ఉన్న రాశిని హైడ్రా అంటారు. అంటే నీటిపాము. మన ఆశ్లేష నక్షత్రం దాని తలలో ఉంటుంది, ఈ గెలాక్సీ తోక దగ్గర. పాములపాడులో పుట్టిన మనిషిని కాబట్టి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. అంతకుమించి ఆ పోలికలో ఏమీ లేదు.

న్యూట్రాన్ నక్షత్రం అంటే చచ్చిపోయిన పెద్ద నక్షత్రం లోపలి గుండు. సూర్యుడికంటే ఎక్కువ బరువు, ఇరవై చిల్లర కిలోమీటర్ల వెడల్పులో కుక్కేసి ఉంటుంది. అటూ ఇటూగా ఒక మండలమంత. అందులోంచి చెంచాడు తీస్తే వందల కోట్ల టన్నులు తూగుతుంది. ఇలాంటివి రెండు జంటగా తిరుగుతాయని 1974లోనే తెలిసింది. హల్స్, టేలర్ అనే ఇద్దరు అరెసిబో రేడియో టెలిస్కోపుతో మొదటి జంటను పట్టుకున్నారు. అవి ఏడుముప్పావు గంటలకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఏటేటా కొంచెం దగ్గరవుతున్నాయి. కలవడానికి ఇంకా 30 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ జంటను కనిపెట్టినందుకు 1993లో నోబెల్ ఇచ్చారు. నిజంగా కలిసిన జంట చప్పుడు మొదటిసారి అందింది మాత్రం 2017లో.

అమెరికాలోని రెండు లైగో యంత్రాలు ఆ చప్పుడును సుమారు వంద సెకన్ల పాటు విన్నాయి. ఆ వంద సెకన్లలో ఆ రెండూ దాదాపు పదిహేను వందల చుట్లు తిరిగాయి, ప్రతి చుట్టూ ముందుదానికంటే వేగంగా. ఇటలీలోని వర్గో యంత్రానికి మాత్రం దాదాపు ఏమీ వినబడలేదు. దానికి వినబడని దిక్కులేవో ముందే తెలుసు కాబట్టి, ఆ మౌనమే చోటు వెతకడానికి పనికొచ్చింది. కలిసిన 1.7 సెకన్లకు గామా కిరణాలు వచ్చాయి. పదకొండు గంటలు తిరక్కుండా చిలీలో ఒక మీటరు అద్దమున్న స్వోప్ టెలిస్కోపు ఆ గెలాక్సీలో కొత్త చుక్కను చూసింది. మొదట నీలంగా ఉంది. రోజులు గడిచేకొద్దీ ఎర్రబడుతూ ఆరిపోయింది. సుమారు 70 అబ్జర్వేటరీలు దాని వెంటపడ్డాయి. అక్టోబరు 16న లోకానికి చెప్పారు. పేపర్లన్నీ ఒకే మాట రాశాయి: బంగారం ఇలాగే పుడుతుందట.

అప్పుడు ఆ వార్తను నేను కూడా అందరిలాగే చదివి ఊరుకున్నాను. ఆ రెండూ కలిసినాక నడిమధ్యన ఏం మిగిలింది అన్న ప్రశ్న నన్ను పట్టుకున్నది చాలా తర్వాత, ఆత్మకూరులో ఒక కంసాలి కొట్టులో.

నాయన పోయిన ఏడాది అది. మా వైపు పుస్తెలు రెండుంటాయి. ఒకటి పుట్టింటివాళ్లు చేయించేది, ఒకటి అత్తింటివాళ్లు చేయించేది. పెళ్లిలో రెండూ ఒకే తాడుకు ఎక్కుతాయి. ఇది తెలుగువాళ్లకు చెప్పాల్సిన సంగతి కాదు గానీ, ఆ రెండు బిళ్లలు రెండు ఇళ్లవన్న మాట తాడు మెడలో ఉన్నంత కాలం ఎవరికీ గుర్తుండదు. తాడు తీసినాక అందరికీ గుర్తొస్తుంది.

మా అమ్మవి పసుపు గుడ్డలో చుట్టి, బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉండేవి. ఏడాది తిరిగే లోపల వాటి గురించి మూడు అభిప్రాయాలు వచ్చాయి. "అత్తింటి బొట్టు ఈ ఇంటి సొత్తు వదినా, రేపు వచ్చే కోడలికి పోవాల" అని మా అత్త. "మా అమ్మ చేయించింది అట్లే ఉండనీ, అది మా ఇంటి గుర్తు" అని మా మామ. "ఇవన్నీ ఎందుకు, రెండూ తీసుకపోయి శ్రీశైలం హుండీలో వెయ్, పీడ పోతాది" అని మా పెద్దమ్మ. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ప్రతివాళ్లూ నెమ్మదిగానే చెప్పారు. అమ్మ అందరికీ "చూస్తాంలే" అంది. ఒకరోజు పొద్దున్నే నన్ను లేపి ఆత్మకూరు బస్సెక్కించింది.

కంసాలాయన పెద్దాయన. గుడ్డ విప్పి చూడగానే అవేమిటో తెలిసిపోయింది ఆయనకు. ఏమీ అడగలేదు. త్రాసులో వేశాడు. రెండూ కలిపి 4 గ్రాముల 180 మిల్లీ. "ఏం చేయమంటావు తల్లీ?" అన్నాడు.

"కరిగించి ఉంగరం చెయ్ ఆచారీ. రెండూ కలిపి ఒకటే. ఏది యాడిదో మళ్లా ఎవురూ చెప్పలేనట్ల."

ఆయన ఒక్క క్షణం ఆగి, "అట్లనే" అన్నాడు. రెండు బిళ్లల్నీ మూసలో పడేసి, కాస్త వెలిగారం చల్లి, మంట పెట్టాడు. ముందు అంచులు మెత్తబడ్డాయి. ఆ తర్వాత రెండు ముద్దలు కనబడ్డాయి, పక్కపక్కన వణుకుతూ. కలవడం మాత్రం నేను చూడలేకపోయాను. రెప్ప వేసి తీసే లోపల ఒకే గుండ్రటి బొట్టు ఉంది, అద్దంలా మెరుస్తూ. చల్లారినాక మళ్లీ తూచాడు. 4 గ్రాముల 60 మిల్లీ.

"నూట ఇరవై మిల్లీ తరుగు" అన్నాడు ఆయన, ఎప్పుడూ చెప్పే మాటలాగా.

అమ్మ త్రాసు వంక చూస్తూ, "ఆ పోయింది యాడికి పోయింది?" అంది. అనుమానంతో అడిగింది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయనకు అది అర్థమైంది.

"బంగారు కాంది కొంచెం కాలిపోతాది. అతుకులో వేసిన రాగి, అన్నేండ్ల మురికి. కొంచెం మూసకు అంటుకోనుంటాది. కొంచెం ఈ నేల మీదనే యాడనో ఉంటాది తల్లీ. యాడికీ పోదు. మన చేతికి రాదు, అంతే."

నగల షాపుల్లో ఇప్పుడు వేస్టేజీ అంటారు, శాతాల్లో చెబుతారు, బిల్లులో కలుపుతారు. ఆ మాటలో పారేసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. తరుగు అనే మాట వేరు. ఉన్నదాంట్లోంచి తరిగిపోయింది, కానీ తరిగింది కూడా లెక్కలో ఉంది. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని, ఫోన్లో ఆ నక్షత్రాల లెక్కను మళ్లీ వెతికాను. ఈసారి బంగారం కోసం కాదు, తూకం కోసం.

కలవకముందు ఆ రెండింటి బరువు కలిపి సూర్యుడికి 2.74 రెట్లు. కలిసేటప్పుడు కనీసం 0.025 సూర్యుళ్ల బరువు పూర్తిగా శక్తిగా మారి, గురుత్వ తరంగాలుగా వెళ్లిపోయింది. అంటే సుమారు 8 వేల భూముల బరువు, ఉత్త కుదుపుగా. ఇంకో 0.05 సూర్యుళ్ల దాకా పదార్థం బయటికి చిమ్మింది. అది 16 వేల భూములకు పైన. కాంతి వేగంలో పదో వంతు నించి మూడు పదో వంతుల దాకా వేగంతో. ఈ రెండూ కలిపితే నూటికి మూడు పాళ్లలోపు. ఆత్మకూరు త్రాసులో పోయిందీ ఇంచుమించు అంతే. కాకతాళీయమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే 2017 ఆగస్టు నించి మనకు అందిందంతా ఆ మూడు పాళ్లలోంచి వచ్చిందే. లైగో విన్నది తరుగు. చిలీలో కనబడిన నీలం చుక్క తరుగు. తొమ్మిదో రోజున చంద్ర టెలిస్కోపుకు అందిన ఎక్స్ కిరణాలు, పదహారో రోజున అందిన రేడియో తరంగాలు, పుణె దగ్గర ఖొడద్‌లో ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న ముప్పై డిష్షులతో మన జీఎంఆర్‌టీ నెలల తరబడి పట్టిన సన్నటి గుసగుస, అన్నీ బయటికి చిమ్మిన దాని తాలూకువే. మిగతా తొంభై ఏడు పాళ్లూ నడిమధ్యన ఒకటిగా మిగిలింది. దాన్ని ఎవరూ చూడలేదు.

అదేమై ఉంటుందన్న దానికి దారులు మూడు నాలుగున్నాయి. కలిసిన మరుక్షణమే కుప్పకూలి కృష్ణబిలం అయిపోవచ్చు. లేదా వెర్రి వేగంతో తిరుగుతున్నంత సేపూ ఆ తిరుగుడే ఆసరాగా నిలబడి, నెమ్మదించగానే కూలిపోవచ్చు. లేదా ఒక భారీ న్యూట్రాన్ నక్షత్రంగానే చాలా కాలం ఉండిపోవచ్చు. ఇప్పటిదాకా గట్టిగా తూచిన న్యూట్రాన్ నక్షత్రాల్లో బరువైనవి రెండు సూర్యుళ్లకు కాస్త పైన ఉంటాయి. ఇక్కడ మిగిలింది రెండున్నరకు పైనే. అందుకే ఎక్కువమంది చెప్పేది నడిమి దారి: ఒక సెకనో, అంతకు తక్కువో నిలబడింది, ఆ తర్వాత కృష్ణబిలం అయింది.

ఆ ఒక్క సెకను నాకు చాలా ఇష్టం. ఆ సెకనులో అది రెండు నక్షత్రాలు కాదు, ఇంకా కృష్ణబిలమూ కాదు. దానికి పేరు లేదు. శాస్త్రవేత్తలు దాన్ని రెమ్నెంట్ అంటారు, మిగిలినది అని.

దెబ్బ తగిలిన కంచు మోగినట్టు, అప్పుడే పుట్టిన కృష్ణబిలం కూడా తనదైన శ్రుతిలో మోగి సద్దుమణుగుతుందని 1970లో లెక్కగట్టి చూపించింది మన పక్కవాడే, బెంగళూరు మనిషి, సి.వి. విశ్వేశ్వర. ఆ మోత మిగతా చోట్ల విన్నారు. ఇక్కడ వినలేదు. కలిసినాక వచ్చే చప్పుడు మరీ కీచుగా ఉంటుంది, అంత పైస్థాయి శ్రుతిలో యంత్రాల సొంత రొదే ఎక్కువ. విశ్వేశ్వర 2017 జనవరిలో పోయారు, ఈ సంఘటనకు ఏడు నెలల ముందు. మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా దగ్గర లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. దూరాన ఉన్న ఇంకో చెవి తోడైతే, ఇలాంటివి ఆకాశంలో ఏ మూల జరిగాయో ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

మా మండలం నించి ఎంతో దూరం కాదు సంగమేశ్వరం, కొత్తపల్లె మండలంలో ఉంది. ఏడు నదులు కలిసే చోటని పేరు. తుంగభద్ర కృష్ణలో కలిసేది ఆ చుట్టుపక్కలే. శ్రీశైలం జలాశయం వచ్చినాక ఆ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది, ఎండాకాలంలో బయటపడుతుంది. చిన్నప్పుడు నాయన బైక్ మీద తీసుకెళ్లి చూపిస్తే, "ఇక్కడి నించి తుంగభద్ర యాడికి పోతాది?" అని అడిగాను. "కృష్ణ అయిపోతాది" అన్నాడు. కలిసినాక పేరు ఒకరికే మిగులుతుందని నాకు తెలిసిన మొదటి పాఠం అది. మా అమ్మ పుట్టింటి పేరు కూడా అలాగే పోయింది. ఆధార్‌లో లేదు, రేషన్ కార్డులో లేదు. ఆ జంట నక్షత్రాలకు ఆ బాధ లేదు. రెంటికీ పేర్లు ఎవరూ పెట్టలేదు. కలిసిన రోజు తేదీయే పేరు: జీడబ్ల్యూ170817.

తరుగులో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ కంసాలి పోలిక ఆగిపోతుంది. మూసలో కొత్తగా ఏదీ పుట్టదు. ఆ నక్షత్రాల్లోంచి చిమ్మిన తునకల్లో మాత్రం, ఒక్క సెకను వ్యవధిలో, చిన్న కేంద్రకాలు ఎడతెరిపి లేకుండా న్యూట్రాన్లను మింగి మింగి, అంతకుముందు అక్కడ లేని బరువైన మూలకాలు అయ్యాయి. ఆ చుక్క ఎర్రబడడానికి కారణం అవే. ఆ వెలుగులో స్ట్రాన్షియం జాడను 2019లో పోల్చుకున్నారు. దీపావళికి ఎర్రగా కాలే మందులో వేసే స్ట్రాన్షియమే. 2023 మార్చి 7న కనబడిన ఇంకో పేలుడు తాలూకు వెలుగులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టెల్యూరియం జాడ పట్టింది. బంగారం గీతను విడిగా ఎవరూ చూడలేదు. కొన్ని భూముల బరువైనా పుట్టి ఉంటుందని లెక్కలు మాత్రం చెబుతాయి. ఇలాంటి మూలకాలకు ఇదొక్కటే కొలిమి కూడా కాదు. 2004 డిసెంబరులో ఒక మాగ్నెటార్ చిమ్మిన వెలుగును 2025లో తిరిగి లెక్కేసి, అందులోనూ ఇవి పుట్టాయని చూపించారు.

ఏ కొలిమి అయినా, భూమి మీది బంగారం సూర్యుడు పుట్టకముందు ఎవరో కలిసినప్పుడో పేలినప్పుడో రాలిన తరుగు. మా జిల్లాకు పక్కనే తుగ్గలి మండలం జొన్నగిరిలో బంగారు గని ఉంది. ఆ పొలాల్లోనే తొలకరి పడగానే వజ్రాల కోసం జనం తల వంచుకుని నడుస్తుంటారు, మా ఊరివాళ్లూ పోతారు. వజ్రం ఉత్త కార్బన్, మామూలు నక్షత్రాల పంట. దాని పక్క రాయిలో ఉన్న బంగారానిది ఎంతో అరుదైన పుట్టుక. కానీ వెతికేవాళ్లు కిందికి చూసేది వజ్రం కోసమే.

బంగారం ఒక్కటే కాదు. మన ఉప్పు ప్యాకెట్లో అయోడిన్ ఎక్కువ భాగం ఆ జాతిదే. యురేనియం అయితే మొత్తం ఆ జాతిదే. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో తవ్వేది, 2019లో నల్లమలలో దాని కోసం బోర్లు వేస్తారన్న మాటకు అవతలి గట్టున అమ్రాబాద్ జనం రోడ్డెక్కింది, అదీ అలాంటి తరుగే. మెడలో వేసుకునేది, ఊళ్లు వద్దని మొత్తుకునేది ఒకే కొలిమిలో పుట్టాయి. మిగిలినది మంచిదై ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

అమ్మ ఉంగరం కుడి చేతికి పెట్టుకుంది. దాని మీద పువ్వు లేదు, అక్షరం లేదు. మా అత్త మొదటిసారి చూసినప్పుడు, "అదేనా?" అంది. అమ్మ "ఊ" అంది. అత్త ఆ వేలిని పట్టుకుని కాసేపు తిప్పి తిప్పి చూసింది, తన ఇంటి భాగం ఎటువైపు ఉందో వెతుకుతున్నట్టు. తర్వాత వదిలేసి, కళ్లు తుడుచుకుని, టీ అడిగింది.

ముప్పై రెండేళ్ల కాపురం వాళ్లది. లోపల ఏముండేదో నాకూ తమ్ముడికీ తెలియదు. మేం దాంట్లోంచి పుట్టినవాళ్లమే గానీ దాన్ని చూసినవాళ్లం కాదు. మాకు అందినవి బయటికి చిమ్మినవి: కాలువ నీళ్ల వంతు మీద రాత్రి రెండింటికి జరిగిన ఒక పోట్లాట, పత్తి ధర పడిపోయిన ఏడు అమ్మ గాజులు లేకుండా తిరిగిన నాలుగు నెలలు, కర్నూలు ఆస్పత్రి వరండాలో ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయిన ఆయన. వీటిని కూడగట్టి నడిమధ్యన ఏముండేదో ఊహించుకుంటాం. పిల్లలు చేసే భౌతికశాస్త్రం ఇంతకుమించి ఉండదు.

ఒకటి మాత్రం కొత్తగా బయటపడింది. ముప్పై ఏళ్లలో మా అమ్మ నోట తిట్టు వినలేదు నేను. నాయన పోయినాక, బోరు మోటారు స్టార్టరు పట్టకపోతే, "దీని పాసుగూల" అని దాని మీద ఒక్కటి చరుస్తుంది. అచ్చం ఆయన గొంతే, ఆ విసుగే. మోటారు కూడా ఆయనకు పలికినట్టే పలుకుతుంది.

కంసాలి కొట్ల ముందు మట్టిని ఊడ్చుకుపోయి, కడిగి, జల్లించి, అందులోంచి బంగారం తీసి బతికేవాళ్లుంటారు. ఆత్మకూరులో ఆ కొట్టు నేలను కూడా ఏడాదికొకసారి వాళ్లకు అమ్ముతానని పెద్దాయన ఆ రోజు చెప్పాడు. మా నూట ఇరవై మిల్లీలో కాలిపోకుండా మిగిలిన ఆ కాస్తా ఇప్పటికి ఎవరి తట్టలోనో చేరి, ఇంకెవరి తాడులోనో అతుకు అయి ఉంటుంది. ఎన్‌జీసీ 4993లోని ఆ చోటుకేసి చంద్ర టెలిస్కోపు ఏళ్ల తర్వాత కూడా తిరిగి తిరిగి చూస్తూనే ఉంది. సన్నటి ఎక్స్ కిరణాలు అందుతూనే ఉన్నాయి. లోపలిదేమిటో అవి ఇంకా చెప్పలేదు. చెప్పినదాకా అందినదాన్ని కడిగి జల్లిస్తుంటారు.